భాగం 7: ప్రాసెసర్ మెలికలు, ఆర్కిటెక్చర్ నియమాలు, ఎమ్యులేటర్ కచ్చితత్వం

7.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

- ఆర్కిటెక్చర్‌కూ, దాన్ని అమలు చేసే చిప్‌కూ తేడా చెప్పగలుగుతారు.
- 8085 ప్రాసెసర్‌లోని కొన్ని మెలికలను, వాటి వెనక ఉన్న కారణాలను వివరించగలుగుతారు.
- ఒక చిప్‌లోని మెలిక తరవాతి తరాలకు నియమంగా ఎలా మారుతుందో ఉదాహరణలతో చూపగలుగుతారు.
- మీరు వాడే సిమ్యులేటర్ ఎంతవరకు నమ్మదగినదో స్వయంగా పరీక్షించుకోగలుగుతారు.

7.1 పరిచయం

కొన్నేళ్ల కిందట ఒక ప్రాక్టికల్ పరీక్షలో జరిగిన సంగతి ఇది. మా రొద్దం నుంచి వచ్చిన ఒక విద్యార్థినికి 8085 కిట్ మీద ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే ప్రోగ్రామ్ వచ్చింది. పగలంతా దుకాణంలో పని చేసుకుని, రాత్రిపూట చదువుకునే అమ్మాయి. ఇంటి దగ్గర కిట్ లేదు కాబట్టి సెల్‌ఫోన్‌లో సిమ్యులేటర్ పెట్టుకుని సాధన చేసింది. అదే ప్రోగ్రామ్‌ను ఇంట్లో పదిసార్లు నడిపి చూసుకుంది. ప్రతిసారీ సరిగానే నడిచింది. పరీక్షలో కిట్ మీద ఎక్కించాక మాత్రం ఎల్‌ఈడీ ఒకసారి వెలిగి అలాగే ఉండిపోయింది. ఆర్పాల్సిన చోటికి ప్రోగ్రామ్ చేరనే లేదు.

కిట్ పాడైందని ఆమె అనుకుంది. కిట్ బాగానే ఉంది. ప్రోగ్రామ్‌లో ఒక తప్పు ఉంది. ఆ తప్పును ఆమె వాడిన సిమ్యులేటర్ నెలల తరబడి కప్పిపెట్టింది. అసలు చిప్ చేయని పనిని అది చేసి చూపించింది.

దూరవిద్యలో చదివే మీలో చాలామంది పరిస్థితి ఇదే. కిట్ చూసేది సంపర్క తరగతుల్లో నాలుగు రోజులు, పరీక్షలో ఒక రోజు. మిగిలిన కాలమంతా సిమ్యులేటరే మీ ప్రయోగశాల. అందుకే దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ అనుమానించాలో తెలియడం మీకు మార్కులతో ముడిపడిన విషయం. ఆ అమ్మాయి చేసిన తప్పేమిటో 7.3.1లో చూస్తారు.

7.2 ఆర్కిటెక్చర్, అమలు, మెలిక

ఒక ప్రాసెసర్ ఏయే ఆదేశాలను గుర్తిస్తుంది, దానికి ఏ రిజిస్టర్లు ఉన్నాయి, ప్రతి ఆదేశం తరవాత ఏ ఫ్లాగ్ ఎలా మారుతుంది అని చెప్పే నియమాల సమాహారమే ఆర్కిటెక్చర్. ఇది తయారీదారు ప్రోగ్రామర్‌కు ఇచ్చే మాట. ఆ మాటను నిలబెట్టుకోవడానికి సిలికాన్ మీద ట్రాన్సిస్టర్లతో కట్టిన సర్క్యూటే అమలు. ఒకే ఆర్కిటెక్చర్‌ను అనేక చిప్‌లు అనేక రకాలుగా అమలు చేయవచ్చు.

ధర్మవరం పట్టుచీరల మగ్గాన్ని గుర్తు చేసుకోండి. జకార్డు మీద వరసగా కుట్టిన అట్టలు తిరుగుతుంటాయి. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును పైకి లాగుతుంది, రంధ్రం లేనిచోట పోగు కిందే ఉంటుంది. రంధ్రాల వరస ప్రోగ్రామ్ లాంటిది, మగ్గం ప్రాసెసర్ లాంటిది. ఒక మగ్గంలో ఒక కొక్కెం ఎప్పుడూ ఒక పోగు పక్కకు జరిగి లేస్తోందని అనుకుందాం. నేతగాడు దాన్ని బాగు చేయించకుండా, అట్టలోనే రంధ్రాన్ని ఒక పోగు జరిపి కొట్టించుకున్నాడు. పువ్వు చక్కగా పడింది. ఆ అట్టల్ని ఏ లోపమూ లేని మరో మగ్గానికి ఎక్కిస్తే పువ్వు చెడిపోతుంది. ఇప్పుడు తప్పు ఎవరిది? అట్టలన్నీ మొదటి మగ్గానికి తగ్గట్టు తయారైపోయాక, ఆ లోపమే నియమం అవుతుంది. కొత్త మగ్గం కూడా అలాగే వంకరగా లేవాలి.

ప్రాసెసర్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. చిప్ కట్టుబడి వల్ల వచ్చి, ప్రోగ్రామర్ సహజంగా ఊహించేదానికి భిన్నంగా ఉండే నడతను ఈ భాగంలో 'మెలిక' అని పిలుద్దాం. మెలికలు మూడు రకాలు.

(అ) మాన్యువల్‌లో రాసి ఉన్నవి. ఇవి వింతగా కనిపించినా నియమాలే.
(ఆ) మాన్యువల్‌లో లేకపోయినా చిప్ ఎప్పుడూ ఒకేలా చేసేవి. ఇవి అలవాట్లు.
(ఇ) మాన్యువల్ చెప్పినదానికి విరుద్ధంగా చిప్ చేసేవి. ఇవి దోషాలు.

7.3 8085లో మెలికలు

ఇంటెల్ 8080ను 1974లోనూ, దానికి తరవాతిదైన 8085ను 1976లోనూ విడుదల చేసింది. మన కళాశాలల్లో తరతరాల విద్యార్థులు మైక్రోప్రాసెసర్ నేర్చుకున్నది 8085 కిట్ మీదనే. అందుకే మన ఉదాహరణలు దానితో మొదలుపెడదాం.

7.3.1 డీసీఎక్స్ ఆదేశం, జీరో ఫ్లాగ్

కాలయాపన లూప్‌లో 16 బిట్ల సంఖ్యను బీసీ రిజిస్టర్ జతలో ఉంచి ఒక్కొక్కటి తగ్గిస్తాం. తగ్గించే ఆదేశం 'డీసీఎక్స్ బి'. సున్నా అయ్యేదాకా వెనక్కి వెళ్లమనే ఆదేశం 'జేఎన్‌జెడ్'. ఈ రెండూ వరసగా రాస్తే చాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ అమ్మాయి రాసింది అదే.

అయితే డీసీఎక్స్ జీరో ఫ్లాగ్‌ను ముట్టుకోదు. బీసీ సున్నా అయినా ఆ సంగతి ఫ్లాగ్‌కు తెలియదు. అంతకు ముందు జీరో ఫ్లాగ్ 0గా ఉంటే లూప్ ఎప్పటికీ ఆగదు. 1గా ఉంటే మొదటి చుట్టులోనే బయటికి వచ్చేస్తుంది. పరీక్షలో జరిగింది మొదటిది. ఆమె సిమ్యులేటర్ మాత్రం డీసీఎక్స్ తరవాత జీరో ఫ్లాగ్‌ను మార్చి, లూప్‌ను చక్కగా ముగించి చూపింది.

చిప్ ఎందుకిలా చేస్తుంది? 8085లోని గణిత తర్క విభాగం 8 బిట్లది. ఫ్లాగ్‌లు దాని నుంచే విలువలు తీసుకుంటాయి. 16 బిట్ల పెంపు, తగ్గింపు మాత్రం ఆ విభాగంలో జరగవు. తరవాతి ఆదేశం చిరునామా కోసం ప్రోగ్రామ్ కౌంటర్‌ను పెంచడానికి రిజిస్టర్ల పక్కనే ఒక 16 బిట్ల సర్క్యూట్ ఎలాగూ ఉంది. ఐఎన్‌ఎక్స్, డీసీఎక్స్ ఆదేశాలు ఆ సర్క్యూట్‌నే వాడుకుంటాయి. కొత్త సర్క్యూట్ కట్టకుండా ఉన్నదానితో పని జరిగింది, కాని ఆ దారి జీరో ఫ్లాగ్ వైపు వెళ్లదు.

అందుకే మన పాఠాల్లో లూప్‌ను ఇలా రాస్తాం:

లూప్: డీసీఎక్స్ బి
మూవ్ ఎ, సి
ఓఆర్‌ఎ బి
జేఎన్‌జెడ్ లూప్

బి, సి రెండింటినీ 'లేదా' క్రియతో కలిపితే, రెండూ సున్నా అయినప్పుడే ఫలితం సున్నా అవుతుంది. ఓఆర్‌ఎ గణిత తర్క విభాగంలో జరుగుతుంది కాబట్టి జీరో ఫ్లాగ్ సరిగా మారుతుంది. చాలామంది ఈ రెండు వరసలను కారణం తెలియకుండా కంఠస్థం చేస్తారు. కారణం తెలిస్తే మరచిపోరు.

7.3.2 డీసీఆర్ ఆదేశం, క్యారీ ఫ్లాగ్

8 బిట్ల రిజిస్టర్‌ను ఒకటి తగ్గించే డీసీఆర్ ఆదేశం జీరో, సైన్, పారిటీ, ఆక్సిలరీ క్యారీ ఫ్లాగ్‌లను మారుస్తుంది, క్యారీని మాత్రం వదిలేస్తుంది. ఇది అసంపూర్తిగా కనిపించినా, చాలా ఉపయోగకరమైన మెలిక. రెండు బైట్ల సంఖ్యలను కూడే ఈ ప్రోగ్రామ్ చూడండి:

ఎక్స్‌ఆర్‌ఎ ఎ
ఎంవీఐ సి, 02
లూప్: ఎల్‌డీఏఎక్స్ డి
ఏడీసీ ఎం
మూవ్ ఎం, ఎ
ఐఎన్‌ఎక్స్ హెచ్
ఐఎన్‌ఎక్స్ డి
డీసీఆర్ సి
జేఎన్‌జెడ్ లూప్
హెచ్‌ఎల్‌టీ

(హెచ్‌ఎల్, డీఈ జతలు రెండు సంఖ్యల కింది బైట్ చిరునామాలను ముందే చూపుతున్నాయని భావించండి.)

మొదటి బైట్ల కూడికలో వచ్చిన క్యారీ, రెండో బైట్ల కూడిక దాకా చెక్కుచెదరకుండా ఉండాలి. మధ్యలో రెండు ఐఎన్‌ఎక్స్‌లు, ఒక డీసీఆర్ ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి క్యారీని మార్చినా కూడిక తప్పుతుంది. పై విభాగంలో మనల్ని ఇబ్బంది పెట్టిన గుణమే ఇక్కడ మనల్ని కాపాడుతోంది.

ఒక ఎమ్యులేటర్ రచయిత 'డీసీఆర్ అంటే 1 తీసివేయడమే కదా' అని, మామూలు తీసివేతకు రాసిన భాగాన్నే దీనికీ వాడాడనుకోండి. హెక్సాడెసిమల్‌లో 00ఎఫ్ఎఫ్‌కు 0001 కలిపితే 0100 రావాలి. కింది బైట్లలో ఎఫ్ఎఫ్, 01 కలిస్తే 00 వచ్చి క్యారీ 1 అవుతుంది. తరవాత సి 2 నుంచి 1కి తగ్గినప్పుడు అప్పు అవసరం లేదు కాబట్టి ఆ ఎమ్యులేటర్ క్యారీని 0 చేస్తుంది. పై బైట్ 00గానే మిగులుతుంది. జవాబు 0000. అదే 0012, 0034 కూడితే క్యారీ రాదు కాబట్టి జవాబు సరిగ్గా వస్తుంది. మెలికలోని తప్పు చిన్న ఉదాహరణల్లో దాక్కుంటుందని దీన్నిబట్టి గ్రహించండి.

7.3.3 'మూవ్ ఎం, ఎం' ఎక్కడ?

మూవ్ ఆదేశాలన్నీ 01 బిట్లతో మొదలవుతాయి. తరవాతి మూడు బిట్లు గమ్యాన్ని, చివరి మూడు బిట్లు మూలాన్ని చెబుతాయి. మూడు బిట్లతో ఎనిమిది స్థానాలు కాబట్టి 64 మూవ్‌లు ఉండాలి. ఉన్నవి 63. మెమరీ స్థానమైన 'ఎం' సంకేతం 110. 'మూవ్ ఎం, ఎం' అయితే 01 110 110, అంటే హెక్సాడెసిమల్‌లో 76. మెమరీలోని బైట్‌ను అదే చోట తిరిగి పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఆ గదిని ప్రాసెసర్‌ను ఆపే హెచ్‌ఎల్‌టీకి ఇచ్చారు. ఈ ఒక్క మినహాయింపును మరచిన ఎమ్యులేటర్‌లో ప్రోగ్రామ్ ఆగాల్సిన చోట ఆగదు.

7.3.4 తల్లికీ పిల్లకూ తేడా

8080కి రాసిన ప్రోగ్రామ్‌లు 8085 మీద నడుస్తాయని చదివారు. ఇది దాదాపు నిజం. ఈ మూడు ఆదేశాలను చూడండి:

ఎంవీఐ ఎ, 00
ఏఎన్‌ఐ 00
డీఏఏ

తర్క 'మరియు' క్రియ తరవాత 8085 ఆక్సిలరీ క్యారీని ఎప్పుడూ 1 చేస్తుంది. 8080 అలా చేయదు, పై ఉదాహరణలో దాన్ని 0గా ఉంచుతుంది. డీఏఏ ఆదేశం ఆక్సిలరీ క్యారీ 1గా ఉంటే 6 కలుపుతుంది. కాబట్టి ఈ ప్రోగ్రామ్ చివర 8080లో ఎ విలువ 00, 8085లో 06. రెండు చిప్‌లూ తమ తమ మాన్యువల్ ప్రకారం సరైనవే. 8080 ఎమ్యులేటర్‌కు పేరు మార్చి 8085 అని ఇస్తే ఇలాంటి చోట దొరికిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. డీసీఎక్స్ తరవాత నేరుగా జేఎన్‌జెడ్ ఎందుకు వాడకూడదు?
2. బహుళ బైట్ల కూడికలో డీసీఆర్ క్యారీని మార్చకపోవడం వల్ల లాభమేమిటి?

7.4 మాన్యువల్ చెప్పని ఆదేశాలు

ఒక బైట్‌తో 256 ఆప్‌కోడ్‌లు సాధ్యం. 8080 మాన్యువల్ వాటిలో 244 వివరించింది. మిగిలిన 12లో రిమ్, సిమ్ అనే రెంటిని 8085 మాన్యువల్ చేర్చింది. అందుకే 8085కు 246 ఆప్‌కోడ్‌లని మీరు చదువుకున్నారు. మిగిలిన 10 ఖాళీగా లేవు. ఆ పది బైట్లకూ చిప్‌లో పని చేసే ఆదేశాలు ఉన్నాయి. ఇంటెల్ వాటిని మాన్యువల్‌లో రాయలేదు. చిప్‌ను పరీక్షించి చూసిన ఇద్దరు పరిశోధకులు 1979లో ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో వాటి పనిని వివరించారు.

వాటితోపాటు రెండు ఫ్లాగ్‌లు కూడా బయటపడ్డాయి. ఫ్లాగ్ రిజిస్టర్ పటంలో మీరు అడ్డగీతలతో వదిలేసే డీ5, డీ3, డీ1 స్థానాలను గుర్తు చేసుకోండి. వీటిలో డీ1 ఓవర్‌ఫ్లోను తెలుపుతుంది. డీ5ను కొందరు 'కె' ఫ్లాగ్ అంటారు. డీసీఎక్స్ చేసినప్పుడు విలువ 0000 దాటి ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్‌కు వెళితే ఇది 1 అవుతుంది. దీన్ని చూసి దూకే ఆదేశాలు కూడా ఆ పదిలో ఉన్నాయి. అంటే 7.3.1లో మనం రెండు అదనపు వరసలతో తీర్చుకున్న సమస్యకు చిప్‌లోనే ఒక తలుపు ఉంది. దానికి బోర్డు మాత్రం పెట్టలేదు.

తయారీదారు బోర్డు ఎందుకు పెట్టడు? మాన్యువల్‌లో రాసిన ప్రతి వాక్యం ఒక మాట. ఒకసారి ఇచ్చాక తరవాతి చిప్‌లన్నీ దాన్ని మోయాలి. రాయకపోతే ఎప్పుడైనా వదిలేసుకోవచ్చు. అందుకే రాయని ఆదేశాల మీద ప్రోగ్రామ్ కట్టకూడదు. ఒకే బైట్ మూడు బంధుచిప్‌లలో ఎలా ప్రవర్తిస్తుందో చూడండి. జెడ్80 కూడా 8080 ప్రోగ్రామ్‌లు నడిపేందుకే 1976లో వచ్చిన చిప్.

| బైట్ | 8080 | 8085 | జెడ్80 |
|---|---|---|---|
| 08 | ఏ పనీ చేయదు | హెచ్‌ఎల్ నుంచి బీసీని తీసివేస్తుంది | ఎ, ఫ్లాగ్‌లను రెండో జతతో మార్చుకుంటుంది |
| 10 | ఏ పనీ చేయదు | హెచ్‌ఎల్‌ను ఒక బిట్ కుడికి జరుపుతుంది | బిని తగ్గించి, సున్నా కాకపోతే దూకుతుంది |
| డీ9 | రిటర్న్‌లా పనిచేస్తుంది | హెచ్‌ఎల్‌ను డీఈ చూపే చోట దాస్తుంది | రిజిస్టర్ జతలను మార్చుకుంటుంది |

8085 కాలమ్‌లోని మూడూ మాన్యువల్‌లో లేనివే. మీ ప్రోగ్రామ్ పొరపాటున డేటాలోకి జారి ఈ బైట్లను ఆదేశాలుగా చదివితే, కిట్ ఒక రకంగా, సిమ్యులేటర్ మరో రకంగా ప్రవర్తించడానికి ఇదొక కారణం.

7.5 మెలిక నియమంగా మారే తీరు

చిప్ తయారైనప్పుడు మెలిక ఒక ప్రమాదమో, పొదుపో మాత్రమే. దాని మీద ఆధారపడే ప్రోగ్రామ్‌లు పెరిగేకొద్దీ అది నియమం అవుతుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది: 8086 చిరునామా చుట్టు. 1978లో వచ్చిన 8086కు 20 చిరునామా తీగలు ఉన్నాయి. అంటే 10,48,576 బైట్లు. కాని సెగ్మెంట్‌ను 16తో గుణించి ఆఫ్‌సెట్ కలిపే పద్ధతిలో ఆ హద్దును 65,520 బైట్ల మేర దాటే చిరునామాలు కూడా రాయవచ్చు. 21వ తీగ లేదు కాబట్టి హద్దు దాటిన చిరునామా మళ్లీ సున్నా దగ్గరికి చుట్టుకుని వచ్చేది. కొన్ని ప్రోగ్రామ్‌లు దీన్ని వాడుకున్నాయి. తరవాతి 80286కు 24 తీగలు. అందులో చిరునామా చుట్టుకోకుండా నిజంగానే పై మెమరీకి వెళ్లింది, పాత ప్రోగ్రామ్‌లు తప్పాయి. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో దీనికి విరుగుడుగా ఎ20 అనే తీగను కావాలన్నప్పుడు మూసే ద్వారం పెట్టారు. ఆ ద్వారాన్ని అదుపు చేసే పని కీబోర్డు కంట్రోలర్‌లో ఖాళీగా ఉన్న ఒక పిన్‌కు అప్పగించారు. పాత చిప్‌లో తీగ లేకపోవడం కొత్త కంప్యూటర్లకు దశాబ్దాల పాటు నియమమైంది.

రెండోది: ఆర్మ్ ప్రోగ్రామ్ కౌంటర్. 1985లో తయారైన మొదటి ఆర్మ్ చిప్‌లో పైప్‌లైన్ మూడు దశలది. ఒక ఆదేశం అమలవుతున్నప్పుడు దాని తరవాతి రెండోదాన్ని చిప్ మెమరీ నుంచి తెచ్చుకుంటూ ఉంటుంది. ఆదేశం 4 బైట్లు కాబట్టి ప్రోగ్రామ్ కౌంటర్‌ను చదివితే ప్రస్తుత చిరునామాకు 8 ఎక్కువగా కనిపించేది. తరవాతి చిప్‌లలో పైప్‌లైన్ దశలు పెరిగాయి, 8 మాత్రం మారలేదు. 32 బిట్ల ఆర్మ్ ఆదేశాలకు అది నియమంగా ఉండిపోయింది. 64 బిట్ల ఆర్కిటెక్చర్ వచ్చినప్పుడు గాని ప్రోగ్రామ్ కౌంటర్‌ను మామూలు రిజిస్టర్ల వరస నుంచి తీసేయలేదు.

మూడోది: 6502 పేజీ అంచు. 1975 నాటి 6502లో, మెమరీలో దాచిన చిరునామాకు దూకే ఆదేశం ఒకటుంది. ఆ చిరునామా రెండు బైట్లు. మొదటి బైట్ 256 బైట్ల పేజీలో చిట్టచివర ఉంటే, రెండో బైట్‌ను తరవాతి పేజీ మొదట్లో చదవాలి. చిప్ మాత్రం అదే పేజీ మొదటికి తిరిగి వెళ్లి చదివేది. చిరునామా కింది సగాన్ని పెంచినప్పుడు వచ్చే క్యారీని పై సగానికి చేర్చకపోవడమే కారణం. 65సీ02 అనే తరవాతి చిప్‌లో దీన్ని సరిచేశారు. 1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేమ్‌లకు మూలమైన జపాన్ యంత్రంలో ఉన్నది 6502 కుటుంబపు చిప్పే. ఆ గేమ్‌లను నడిపే ఎమ్యులేటర్ సరిచేసిన పద్ధతిని పాటించకూడదు. పాత తప్పునే నమ్మకంగా చేయాలి.

ప్రతి దోషమూ నియమం కాదు. 1994లో పెంటియం చిప్‌లో భాగాహార దోషం బయటపడింది. భాగాహారానికి వాడే పట్టికలో ఐదు విలువలు లేకపోవడం వల్ల 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.33382 రావాల్సింది 1.33373 వచ్చింది. ఇంటెల్ చిప్‌లను మార్చి ఇచ్చింది, అందుకు 47.5 కోట్ల డాలర్లు కేటాయించింది. తప్పుడు జవాబు మీద ఆధారపడి ఎవరూ ప్రోగ్రామ్ రాయలేదు కాబట్టి దాన్ని మోయాల్సిన అవసరం రాలేదు. దోషం పోతుందా, నియమమవుతుందా అన్నది దాని మీద ఎన్ని ప్రోగ్రామ్‌లు ఆధారపడ్డాయన్న దాన్నిబట్టి తేలుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

3. ఎ20 ద్వారం ఎందుకు అవసరమైంది?
4. పెంటియం భాగాహార దోషం ఎందుకు నియమంగా మారలేదు?

7.6 ఎమ్యులేటర్ కచ్చితత్వపు మెట్లు

ఒక యంత్రం ప్రవర్తనను మరో యంత్రం మీద సాఫ్ట్‌వేర్‌తో పునఃసృష్టించేదే ఎమ్యులేటర్. నేర్చుకునేవారికి రిజిస్టర్లు, ఫ్లాగ్‌లు కనిపించేలా ఉండేదాన్ని సాధారణంగా సిమ్యులేటర్ అంటున్నాం. కచ్చితత్వంలో ఇవి నాలుగు మెట్ల మీద నిలబడతాయి.

మొదటి మెట్టు – ఫలితం: కూడిక, తీసివేత, మెమరీ విలువలు సరిగా వస్తాయి. ఫ్లాగ్‌ల సంగతి చెప్పలేం.

రెండో మెట్టు – ఫ్లాగ్‌లు: మాన్యువల్ చెప్పిన ప్రతి ఫ్లాగ్ మార్పు, మార్పు లేకపోవడం కూడా సరిగా ఉంటాయి. ప్రాక్టికల్ పరీక్షకు మీకు కనీసం ఈ మెట్టు కావాలి.

మూడో మెట్టు – కాలం: ప్రతి ఆదేశానికి పట్టే టీ-స్టేట్‌లు కూడా సరిపోతాయి. మన కాలయాపన లూప్‌ను లెక్కిద్దాం. డీసీఎక్స్‌కు 6, మూవ్‌కు 4, ఓఆర్‌ఎకు 4, దూకినప్పుడు జేఎన్‌జెడ్‌కు 10, మొత్తం 24. బీసీలో గరిష్ఠ విలువ 65,535 ఉంచితే 15,72,840 టీ-స్టేట్‌లు. చివరి చుట్టులో జేఎన్‌జెడ్ దూకదు కాబట్టి 8085 దానికి 10 బదులు 7 మాత్రమే తీసుకుంటుంది. 3 తగ్గించాలి. కిట్ మీద 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే లోపలి క్లాక్ దానిలో సగం, 3.072 మెగాహెర్ట్జ్. కాలం సుమారు 0.512 సెకన్లు. 8080లో జేఎన్‌జెడ్ దూకినా దూకకపోయినా 10 టీ-స్టేట్‌లే. కాలాన్ని పట్టించుకోని సిమ్యులేటర్‌లో ఈ లూప్ కన్ను మూసి తెరిచేలోగా అయిపోవచ్చు.

నాలుగో మెట్టు – సర్క్యూట్: చిప్‌ను ఫొటో తీసి, ఒక్కొక్క ట్రాన్సిస్టర్‌నూ గుర్తించి, వాటినే అనుకరించడం. 6502ను ఇలా పునర్నిర్మించారు. ఇందులో మెలికలను విడిగా రాయనక్కర్లేదు, అవే వస్తాయి. కాని చాలా నెమ్మదిగా నడుస్తుంది.

మెట్టు ఎక్కేకొద్దీ శ్రమ, ఖర్చు పెరుగుతాయి. ఏ అవసరానికి ఏ మెట్టు చాలునో నిర్ణయించుకోవడమే ఇంజనీరింగ్. లెక్కలు సరిచూసుకోవడానికి మొదటి మెట్టు సరిపోవచ్చు. పాత యంత్రాలను భద్రపరచడానికి చాలదు. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ తొలినాళ్లలో టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్‌ను తయారు చేసింది. అలాంటి యంత్రాలకు రాసిన ప్రోగ్రామ్‌లను రేపు ఎవరైనా నడిపి చూడాలంటే మాన్యువల్ ఒక్కటే చాలదు. మాన్యువల్‌లో రాయని అలవాట్లు యంత్రంలోనే ఉంటాయి. యంత్రం పోతే అవీ పోతాయి. పనిచేసే యంత్రం ఉండగానే దాని నడతను నమోదు చేసుకోవాలి.

7.7 కచ్చితత్వాన్ని పరీక్షించడం

నాలుగైదు ఉదాహరణలు సరిగా వస్తే ఎమ్యులేటర్ సరైనదని అనుకోకూడదు. 8 బిట్ల కూడికలో రెండు సంఖ్యలు, ఒక క్యారీ కలిపి 256 × 256 × 2 = 1,31,072 సందర్భాలు. ఒక్కోదానికి 100 టీ-స్టేట్‌లు పట్టినా కిట్ వీటన్నిటినీ ఐదు సెకన్ల లోపే ముగిస్తుంది. డీఏఏకు 256 × 2 × 2 = 1,024 సందర్భాలే. కాబట్టి అన్నిటినీ అసలు చిప్ మీద నడిపి, ఫలితాలను, ఫ్లాగ్‌లను మెమరీలో దాచి, ఎమ్యులేటర్ ఇచ్చిన వాటితో పోల్చడమే సరైన పద్ధతి. ఇక్కడ తీర్పు చెప్పేది చిప్, మన ఊహ కాదు.

మీ ఫోన్‌లోని సిమ్యులేటర్‌ను ఈ రాత్రే ఇలా పరీక్షించండి.

(1) ఎ రిజిస్టర్‌లో 01 ఉంచి 'ఓఆర్‌ఎ ఎ' చేయండి. జీరో ఫ్లాగ్ 0 అవుతుంది. బీసీలో 0001 ఉంచి 'డీసీఎక్స్ బి' చేయండి. బీసీ 0000 కావాలి, జీరో ఫ్లాగ్ 0గానే ఉండాలి.
(2) 7.3.2లోని ప్రోగ్రామ్‌తో 00ఎఫ్ఎఫ్, 0001 కూడండి. 0100 రావాలి.
(3) 7.3.4లోని మూడు ఆదేశాలు నడపండి. ఎ విలువ 06 కావాలి.
(4) సిమ్యులేటర్ టీ-స్టేట్‌లు చూపితే, దూకని జేఎన్‌జెడ్‌కు 7 చూపుతోందో లేదో చూడండి.

మొదటి రెండింటిలో తప్పితే ఆ సిమ్యులేటర్‌ను వదిలేయండి. మూడో దానిలో తప్పితే దశాంశ లెక్కల ప్రోగ్రామ్‌లకు నమ్మకండి. నాలుగో దానిలో తప్పితే కాలయాపనను చేత్తో లెక్కించుకోండి.

7.8 కొత్త ఆర్కిటెక్చర్లు నేర్చుకున్న పాఠం

2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన రిస్క్-ఫైవ్ ఆర్కిటెక్చర్ ఈ చరిత్రను దృష్టిలో పెట్టుకుని రూపొందింది. పూర్ణాంక క్రియలకు అందులో ఫ్లాగ్ రిజిస్టరే లేదు, పోల్చి దూకే పని ఒకే ఆదేశం చేస్తుంది. కాబట్టి ఏ ఆదేశం ఏ ఫ్లాగ్‌ను మార్చిందన్న సమస్య రాదు. సున్నాతో భాగిస్తే ఏమవుతుందో కూడా చిప్ ఇష్టానికి వదలకుండా, భాగఫలంలో అన్ని బిట్లూ 1 కావాలని నియమం రాశారు. ఐఐటీ మద్రాసులో రూపొందిన శక్తి ప్రాసెసర్లు, సీ-డ్యాక్ రూపొందించిన వేగా ప్రాసెసర్లు ఈ ఆర్కిటెక్చర్‌ను అనుసరించినవే. అయినా చిప్ కట్టేది మనుషులే కాబట్టి మెలికలు పూర్తిగా పోవు. వాటిని నియమాలు కాకముందే గుర్తించడం ఇప్పటి తరం పని. మీలో కొందరి పని కూడా కావచ్చు.

7.9 సారాంశం

ఆర్కిటెక్చర్ అంటే తయారీదారు ఇచ్చిన మాట. చిప్ ఆ మాటను అమలు చేసేటప్పుడు పొదుపు వల్లనో, పొరపాటు వల్లనో మెలికలు వస్తాయి. 8085లో డీసీఎక్స్ జీరో ఫ్లాగ్‌ను, డీసీఆర్ క్యారీ ఫ్లాగ్‌ను మార్చకపోవడం ఇందుకు ఉదాహరణలు. ప్రోగ్రామ్‌లు ఆధారపడిన మెలిక నియమమవుతుంది, ఆధారపడని దోషం తొలగిపోతుంది. ఎమ్యులేటర్ మాన్యువల్‌తో పాటు చిప్ నడతను కూడా అనుకరించాలి. సిమ్యులేటర్‌లో నడిచిన ప్రోగ్రామ్ సరైనదని చెప్పలేం, అది ఆ సిమ్యులేటర్‌కు నచ్చిందని మాత్రమే చెప్పగలం.

7.10 పారిభాషిక పదాలు

ఆప్‌కోడ్: ఏ పని చేయాలో చెప్పే బైట్.
ఆక్సిలరీ క్యారీ: కింది నాలుగు బిట్ల నుంచి పై నాలుగు బిట్లకు వెళ్లే క్యారీని తెలిపే ఫ్లాగ్.
టీ-స్టేట్: ప్రాసెసర్ లోపలి క్లాక్ ఒక చుట్టుకు పట్టే కాలం.
పైప్‌లైన్: ఒక ఆదేశం అమలవుతుండగానే తరవాతి ఆదేశాలను సిద్ధం చేసే ఏర్పాటు.

7.11 ప్రగతి ప్రశ్నల జవాబులు

1. డీసీఎక్స్ జీరో ఫ్లాగ్‌ను మార్చదు. జేఎన్‌జెడ్ అంతకు ముందున్న పాత విలువను చూస్తుంది.
2. ఒక బైట్ కూడికలో వచ్చిన క్యారీ తరవాతి బైట్ కూడిక దాకా భద్రంగా ఉంటుంది.
3. 8086లో చిరునామా చుట్టుకోవడం మీద ఆధారపడిన ప్రోగ్రామ్‌లు, 24 తీగలున్న 80286లోనూ నడవడానికి.
4. దాని తప్పుడు ఫలితం మీద ఆధారపడిన ప్రోగ్రామ్‌లు లేవు కాబట్టి.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 వరసల్లో జవాబులు రాయండి.
1. చిప్‌లోని మెలిక ఆర్కిటెక్చర్ నియమంగా మారే తీరును రెండు ఉదాహరణలతో వివరించండి.
2. ఎమ్యులేటర్ కచ్చితత్వపు మెట్లను వివరించి, ఏ అవసరానికి ఏ మెట్టు తగినదో చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 వరసల్లో జవాబులు రాయండి.
1. 8085లో 'మూవ్ ఎం, ఎం' ఆదేశం ఎందుకు లేదు?
2. కాలయాపన లూప్‌ను బీసీలో 0000తో మొదలుపెడితే ఎన్ని చుట్లు తిరుగుతుంది? కారణం రాయండి.
3. మాన్యువల్‌లో లేని ఆదేశాలను ప్రోగ్రామ్‌లలో ఎందుకు వాడకూడదు?

ఇ) అభ్యాసం: 7.7లోని నాలుగు పరీక్షలను మీ సిమ్యులేటర్‌లో నడిపి, వచ్చిన విలువలను రికార్డు పుస్తకంలో రాయండి. సంపర్క తరగతిలో అవే పరీక్షలను కిట్ మీద నడిపి, రెండింటినీ పక్కపక్కన పోల్చండి. తేడా వస్తే కారణాన్ని మీ మాటల్లో రాయండి.